నల్లరేగడి మీద జింక (పడమటి కర్నూలు కథలు – 9వ భాగం)

గత భాగం పత్తికొండ దగ్గర ఆగింది. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో స్వదేశం పోయేముందు, ఒకప్పుడు కలెక్టరుగా తిరిగిన ఊళ్లను మరోసారి చూసుకుందామని వచ్చి, 1827 జూలై 6న అక్కడే కలరాతో కన్నుమూశాడు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనతో మాట్లాడాడన్న కథా, పిల్లలకు మన్రోలప్ప, మన్రోలమ్మ అని పేర్లు పెట్టుకున్న ముచ్చటా చెప్పుకున్నాం. ఈసారి మనిషిని పక్కనబెట్టి ఆయన లెక్కల పుస్తకం తెరుద్దాం. ఆ పుస్తకానికి ఎక్కని జంతువొకటి ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు చేలల్లో ఈనాటికీ మేస్తూనే ఉంది.

1800లో నిజాం ఈ సీమను కంపెనీకి రాసిచ్చేశాడు. ఆనాటి నుంచి 1807 దాకా మన్రో ప్రధాన కలెక్టరు. ఆయన పంపిన మనుషులు చేను చేనూ కొలిచారు. నల్లరేగడికి ఒక తరం, ఎర్రనేలకు ఒక తరం, బావి కింది తోటభూమికి ఇంకొకటి. రైతు పేరు, చేను విస్తీర్ణం, కట్టాల్సిన శిస్తు. నడుమ జమీందారు లేడు. రైతువారీ అని పేరుపడ్డ ఈ పద్ధతిలో దున్నిన నేలకు అంకె ఉంది, దున్నని నేలకు లేదు. గడ్డి మొలిచే బీడు సర్కారు కళ్లకు ఇంకా శిస్తు రాని భూమి, అంతే. దాని మీద గొర్రె మేసినా జింక మేసినా ఖజానాకు ఒరిగేదేమీ లేదు.

మన్రో కఠినుడని ఎవరూ అనలేరు. శిస్తు ఎక్కువైందని, పాతిక శాతం తగ్గించాలని 1807లో పైవాళ్లకు రాసినవాడు ఆయనే. అయితే ఎంత దయగల లెక్కయినా లెక్కే. అంకె లేని చోట విలువ లేదనే అలవాటు ఆ పుస్తకాలతోనే మన రెవెన్యూ కచేరీల్లోకి దిగింది. కంపెనీ పోయింది, రాణి పోయింది, మద్రాసు రాష్ట్రం పోయింది. ఆ అలవాటు మాత్రం పోలేదు.

అలా కాకుండా జరిగిన సందర్భం లేదా అంటే ఉంది, అదీ మన్రో ఇటు రాకముందే. చెంగల్పట్టు వైపు వేడంతాంగల్ అనే ఊరి చెరువు చెట్ల మీద ఏటా వేల నీటిపక్షులు గూళ్లు కట్టేవి. తెల్ల సిపాయిలు తుపాకులతో వచ్చి వాటిని కాల్చిపోతుంటే ఊరివాళ్లు కలెక్టరు లయొనెల్ ప్లేస్ దగ్గరకెళ్లి మొరపెట్టుకున్నారు. పక్షుల మీద జాలి ఉండే ఉంటుంది, దానికి తోడు గట్టి లెక్క కూడా ఉంది. రెట్టలు కలిసిన ఆ చెరువు నీరు పారిన పొలానికి వేరే ఎరువు అక్కర్లేదు. 1798లో కలెక్టరు ఆ పక్షులను కాపాడుకునే హక్కు ఊరిదేనని రాసిచ్చాడు. 1858లో ఆ కౌలును మళ్లీ ఖాయం చేశారు. అడవి ప్రాణి వల్ల రైతుకు లాభముందని సర్కారు కాగితం మీద ఒప్పుకోవడం అన్నది దక్షిణదేశంలో అంత పాతకాలపు సంగతి. పాత నెల్లూరు జిల్లా నేలపట్టు రైతులకూ, హిందూపురం దాటితే వచ్చే వీరాపురంలో చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలకు చోటిచ్చిన ఊరివాళ్లకూ ఈ లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు.

కొంగ ఎరువు ఇస్తుంది. మరి జింక?

జింక ఇచ్చేది మాంసం, తోలు, కొమ్ము. ఇచ్చేటప్పుడు ప్రాణం పోతుంది కాబట్టి, ఆ రాబడి ఎప్పుడూ చేను గలవాడికి కాకుండా వేటగాడికే దక్కింది. ఈ పడమటి సీమలో వేట చేతనైన కులం బోయలు. పాళెగాళ్ల దగ్గర బంట్లుగా, కోటల దగ్గర కావలిగా బతికినవాళ్లు, శాంతికాలంలో వలలూ ఉచ్చులూ పట్టుకున్నారు. దొరలది ఇంకో తరహా. కొమ్ములకు ఉచ్చులు కట్టిన పెంపుడు ఇర్రిని, అంటే మగజింకను, మందలోకి వదిలి, మీదికొచ్చిన అడవి ఇర్రిని ఆ ఉచ్చులోనే పట్టే విద్య ఐనీ అక్బరీలో కనిపిస్తుంది. మచ్చిక చేసిన చీతాలను బండ్ల మీద తీసుకెళ్లి జింకల మీదికి వదలడం మొగలులకు మరో సరదా. 1688లో సిద్ది మసూద్ ఖాన్ చేతిలోంచి ఆదోని కోట మొగలుల వశమైంది. ఢిల్లీ దర్బారు వినోదాలకు కావలసిన మైదానమూ మందలూ ఈ కోట కింద కావలసినన్ని.

ఆ తర్వాత వచ్చింది బళ్లారి దండు. 1953 దాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోదేనని, ఎమ్మిగనూరు ఆదోని తాలూకాలోని ఊరని పాఠకులకు గుర్తుచేయాలి. బళ్లారి దక్షిణదేశపు పెద్ద కంటోన్మెంట్లలో ఒకటి. అక్కడి అధికారులకు సెలవు దొరికితే చుట్టూ ఉన్న నల్లరేగడి మైదానమే వేటస్థలం. చెట్టూ పుట్టా లేని చోట జింకను సమీపించడం కష్టం, మనిషి ఆకారం కనబడితే ఫర్లాంగు దూరం నుంచే పరుగు లంకించుకుంటుంది. ఎద్దులబండిని మాత్రం అది పట్టించుకోదు, రోజూ చూసేదే కదా. కాబట్టి దొరలు రైతు బండిని బాడుగకు మాట్లాడుకుని, చక్రం చాటున నడుస్తూ మంద చుట్టూ తిరిగి తిరిగి దగ్గరకు చేరి కాల్చేవాళ్లు. ఆ బండి బాడుగ తప్ప జింక వల్ల ఈ సీమ రైతుకు సక్రమంగా ముట్టిన డబ్బు చరిత్రలో వెతికినా కనబడదు.

జింకతోపాటు బీడును నమ్ముకున్న మరో ప్రాణి బట్టమేక పిట్ట. నేల మీద ఒకే గుడ్డు పెట్టే ఈ భారీ పక్షికి తుపాకీ ముందు దాక్కునే చోటు లేదు. 1809కీ 1829కీ నడుమ రాబర్ట్ మాన్స్‌ఫీల్డ్ అనే దొర అహమద్‌నగర్ జిల్లాలో 961 బట్టమేకలను కాల్చినట్టు లెక్క ఉంది. దేశం మొత్తం మీద ఇవాళ మిగిలినవి దాదాపు నూటయాభై అంటున్న పక్షి సంగతి ఇది.

1912లో వచ్చిన అడవి పక్షుల, జంతువుల రక్షణ చట్టం వేటకు సెలవుకాలం పెట్టింది. రైతు వైపు చూస్తే ఆ చట్టంలో ఒక మాట ముఖ్యమైనది: ఆస్తిని కాపాడుకునే నిజమైన ఉద్దేశంతో జంతువును చంపితే నేరం కాదు. చేనిలో పడ్డ జింకను రైతు కొట్టవచ్చు. దాన్ని తినవచ్చా, అమ్మవచ్చా అని అడిగినవాడు లేడు. మాంసం మాయమయ్యేది, అంతే.

అసలు దెబ్బ తుపాకీ వల్ల కాకుండా నాగలి వల్ల తగిలింది. 1871లో మద్రాసు రైలు రాయచూరు దగ్గర బొంబాయి రైలును కలుసుకుంది. ఆదోని ఆ దారిలో ఉంది. అంతకు పదేళ్ల ముందే అమెరికా అంతర్యుద్ధం పుణ్యమా అని మన పత్తికి లివర్‌పూల్‌లో ధర లేచింది. బళ్లారి, ఆదోని, అనంతపురం పత్తికి వ్యాపారుల భాషలో ‘వెస్టర్న్స్’ అని పేరే స్థిరపడింది. రైలుస్టేషను చుట్టూ జిన్నింగు మిల్లులు లేచాయి. ఆదోని మార్కెట్ ఈనాటికీ రాష్ట్రంలో పత్తికి పెద్ద దిక్కు. పత్తికి ధర ఉన్నప్పుడు బీడును బీడుగా ఉంచే రైతు ఎవడుంటాడు? శిస్తు పుస్తకంలో అంకె లేని నేలకు అంకె వచ్చింది, ఎకరం తర్వాత ఎకరం. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయి, దిగువ కాలువ ఇటు వచ్చాక ఎమ్మిగనూరు వైపు కొంత మెట్ట కూడా తడిసింది. అదే ఏడు అక్టోబరు 1న ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారిని వదిలి ఆంధ్ర రాష్ట్రంలో కర్నూలు జిల్లాకు చేరాయి.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత జీపులు చవకయ్యాయి, హెడ్‌లైట్ల వెలుగులో రాత్రి వేట తేలికయింది. రెండు వందల ఏళ్ల కిందట దేశంలో నలభై లక్షల కృష్ణజింకలు ఉండేవని ఒక అంచనా. 1947 నాటికి 80 వేలు, 1964 నాటికి 8 వేలు అంటారు. అప్పుడెవరూ వరుసగట్టి లెక్కపెట్టలేదు కాబట్టి ఈ అంకెలను అంగుళాల లెక్కన నమ్మనక్కర్లేదు. దారి ఎటు పోతోందో చెప్పడానికి చాలు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి కృష్ణజింకను మొదటి షెడ్యూలులో పెట్టింది. పంట పాడుచేసిందనే కారణంతో మొదటి షెడ్యూలు జంతువును చంపనివ్వమని అడిగే వీలు ఈ చట్టంలో లేదు. మనిషి ప్రాణానికి ముప్పయితేనో, కోలుకోలేని గాయమో రోగమో ఉంటేనో తప్ప అనుమతి దొరకదు. 1912 నాటి ఆ ఒక్క వాక్యం పోయింది. 1986లో వన్యప్రాణుల వ్యాపారం మీద, 1991లో వేట మీద మిగిలిన తలుపులూ మూసుకున్నాయి. మధ్యలో కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా అయింది.

ఇక్కడ కథను కాసేపు అమెరికా పంపాలి.

1932లో టెక్సాస్‌లోని ఎడ్వర్డ్స్ పీఠభూమి రాంచీల్లో, అంటే పెద్ద పశుక్షేత్రాల్లో, కొన్ని కృష్ణజింకలను వదిలారు. సున్నపురాయి నేల, పొట్టి గడ్డి, అక్కడక్కడ ముళ్ల చెట్లు, వాన చాలని ఏళ్లు. ఆలూరు జింకకు అందులో కొత్తగా తోచేదేమీ లేదు. అవి పెరిగాయి. 1988లో ఆ రాష్ట్రపు వన్యప్రాణి శాఖ లెక్కిస్తే 21 వేలకు పైగా తేలాయి. పుట్టిన దేశంలో మొత్తం ఎన్ని ఉన్నాయో దాదాపు అన్ని ఒక్క పరాయి రాష్ట్రంలో! కిటుకు అక్కడి చట్టంలో ఉంది. టెక్సాస్‌లో స్థానిక జింక ప్రజల సొత్తు, దానికి వేట రుతువూ పరిమితీ ఉన్నాయి. పరాయి దేశం నుంచి తెచ్చిన జంతువు మాత్రం కంచె లోపల ఉన్నంతకాలం రాంచీ యజమాని సొంతం. గొడ్డు లాగే దాన్ని కొనొచ్చు, అమ్మొచ్చు, డబ్బు తీసుకుని వేటాడనివ్వొచ్చు. మెలికల కొమ్ముల ముదురు మగజింకకు వేటగాడు వేల డాలర్లు ఇస్తాడు. 1983లో మైక్ హ్యూస్ అనే ఆయన బ్రోకెన్ యారో రాంచ్ అన్న సంస్థ పెట్టి, చుట్టుపక్కల రాంచీలకు సంచార కసాయిశాలను, వెంట ప్రభుత్వ తనిఖీదారును తీసుకెళ్లి, అక్కడే కోసి, జింక, నీల్గాయ్ మాంసం పెద్ద హోటళ్లకు అమ్మడం మొదలుపెట్టాడు. ఆవుల ధర పడిపోయిన ఏట రాంచీ మునిగిపోకుండా చూసింది చాలాచోట్ల ఈ వేట రాబడే.

ఆఫ్రికాలో ఇదే ఆలోచన ఇంకా ముందే మొలకెత్తింది. 1950ల చివర అప్పటి దక్షిణ రొడీషియాలో, అంటే నేటి జింబాబ్వేలో, రేమండ్ డాస్‌మన్, ఆర్చీ మాస్‌మన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు హెండర్సన్ రాంచ్‌లో ఒక లెక్క వేశారు. అదే నేల మీద ఆవులు పెంచితే ఎంత మాంసం, ఉన్న అడవి జంతువులను ఏటా కొన్ని కోసుకుంటే ఎంత మాంసం? అడవి జంతువులే నెగ్గాయి. ఒక్కో జంతువు ఒక్కో ఎత్తున, ఒక్కో రకం ఆకు తింటుంది. ఆవులన్నీ ఒకే గడ్డి మీద పడతాయి. కాగితం మీద నెగ్గిన లెక్క బజారులో తడబడింది. గాలికుంటు వంటి జబ్బుల నిబంధనలు, కసాయిశాలల దూరం, ఊరి అలవాట్లు అడ్డొచ్చాయి. చివరకు అక్కడ నిలబడింది మాంసం కంటే వేట పర్యాటకం. 1967లో నమీబియా, 1975లో జింబాబ్వే తమ భూస్వాములకు తమ నేల మీది జంతువుల మీద హక్కిచ్చాయి. 1989లో జింబాబ్వే క్యాంప్‌ఫైర్ పేరుతో ఊళ్లకూ ఆ రాబడిలో వాటా పెట్టింది. 1996లో నమీబియా ఉమ్మడి భూముల గ్రామసంఘాలకు కూడా ఆ హక్కు ఇచ్చింది.

వీటిని చదివి ఉప్పొంగిపోయేవాళ్లు మన దగ్గరా ఉన్నారు. తొందర పడకూడదు. టెక్సాస్ రాంచీ వేల ఎకరాలది, ఒకే యజమానిది, చుట్టూ ఎనిమిదడుగుల కంచె. ఆదోని రైతుకున్నది నాలుగైదు ఎకరాలు, చుట్టూ నాలుగైదుగురి గట్లు. జింక పొద్దున ఒకరి శనగ, సాయంత్రం ఇంకొకరి వేరుశనగ తింటుంది, రాత్రికి మూడో ఊరి బీడులో పడుకుంటుంది. అది ఎవరి జింక? పైగా టెక్సాస్‌లో కాపాడబడిందేమిటన్న ప్రశ్న ఉండనే ఉంది. పరాయి జింక నిలిచింది సరే, ఆ గడ్డి మీద బతకాల్సిన స్థానిక జింకకు అది పోటీ అయింది. ధర పలికే జంతువును పెంచడమూ నేలను కాపాడటమూ ఒకటే అని మురిసిపోవడానికి లేదు. ఒక్క మంచి మాత్రం ఒప్పుకోవాలి. జింక దాదాపు అంతరించిన పాకిస్తాన్ 1970ల్లో చోలిస్తాన్ ఎడారి అంచున లాల్ సుహాన్రాలో వాటిని మళ్లీ పెంచాలనుకున్నప్పుడు, విత్తనం టెక్సాస్ నుంచే తెచ్చుకుంది.

మళ్లీ మన చేనికి వద్దాం. జూన్, జూలైల్లో తొలకరి పడి పత్తి రెండాకుల మీద ఉన్నప్పుడు హొళగుంద, హాలహర్వి, చిప్పగిరి, ఆస్పరి, కౌతాళం వైపు మందలు దిగుతాయి. లేత చిగురు కొరికిన మొక్క మళ్లీ లేవదు. విత్తనం మళ్లీ కొనాలి, కూలి మళ్లీ పెట్టాలి, అదను దాటిపోతుంది. మంద పరుగెత్తిన దారిలో తొక్కుడుకు పోయేది తిన్నదానికంటే ఎక్కువ. రైతులు పాత చీరలు గట్టు చుట్టూ కడతారు, డబ్బాలు వాయిస్తారు, టపాసులు పేలుస్తారు, రాత్రిళ్లు చేలో పడుకుంటారు. వారం తిరిగేసరికి జింక చీరకు అలవాటుపడుతుంది. తరిమితే పక్కవాడి చేలో పడుతుంది, దాంతో గట్టు తగాదా. నీళ్ల కోసం వచ్చి గట్టులేని బావుల్లో పడే జింకలు, కుక్కలకు చిక్కే పిల్లలు, రోడ్డు మీద లారీలకు బలయ్యేవి వేరే లెక్క. పంటనష్టానికి సర్కారు పరిహారం ఉందిగానీ, అర్జీ, పంచనామా, ఫొటోలు, కచేరీ తిరుగుళ్లు కలిపితే చాలామందికి ఆ చేను మళ్లీ విత్తుకోవడమే తేలిక. అందుకే ఏ ఎన్నికలొచ్చినా ఈ పక్క ఊళ్లలో వినబడే కోరిక జింకల పార్కు. ఎక్కడో కంచె వేసి వీటినన్నింటినీ అందులో పెట్టండి మహాప్రభో అని.

ఎక్కడో అన్నది ఎక్కడ? గడ్డి ఉన్నచోటే కదా. గడ్డి ఎవరి వల్ల మిగిలిందో చూస్తే, ఈ సీమలో వన్యప్రాణికి తెలియకుండానే అండగా నిలిచిన వృత్తి ఒకటి బయటపడుతుంది: గొర్రెల కాపరిది. కురువల మందలు, ముతక ఉన్ని ఇచ్చే బళ్లారి నల్లగొర్రె, ఆ ఉన్నితో నేసిన కంబళి. గుట్టల చుట్టూ, వంకల వెంట, దున్నడానికి పనికిరాని గరుగు నేలల మీద గొర్రె మేసినంతకాలం అది బీడుగానే ఉండిపోయింది. కోతలయ్యాక మందను రైతు చేలో రాత్రిళ్లు నిలిపితే ఎరువు పడుతుంది. మంద కట్టినందుకు రైతు కాపరికి ధాన్యమో డబ్బో ఇస్తాడు. వేడంతాంగల్‌లో కొంగ చేసిన పని ఇక్కడ గొర్రె చేసింది. ఆ బీడు మీదే జింక, కుందేలు, నక్క, తోడేలు బతికాయి. తోడేలు గొర్రెపిల్లను ఎత్తుకుపోతుంది, కాపరి తిట్టుకుంటాడు, కుక్కను ఉసిగొల్పుతాడు. కానీ అదే తోడేలు జింకలనూ అదుపులో ఉంచేది. తోడేళ్లు తగ్గిపోయి, వేట ఆగిపోయి, బీడు చేనుగా మారి, ఆ చేలో నోరూరించే పంట ఉంటే జింక ఇంకెక్కడికి పోతుంది?

కాపరి బతుకూ మారింది. కంబళికి గిరాకీ పోయింది. మాంసానికి బరువెక్కే నెల్లూరు జాతి, ఉన్ని గొర్రెను వెనక్కి నెట్టింది. కాపరికి మిగిలిన బీడేమో ఏటా కుంచించుకుపోతోంది.

బీడును కాపాడటానికి సర్కారు చేసిన పెద్ద ప్రయత్నం అప్పటి కర్నూలు జిల్లా తూర్పు వైపు జరిగింది. నందికొట్కూరు, నంద్యాల నడుమ రోళ్లపాడు గడ్డిమైదానంలో బట్టమేక పిట్టలున్నాయన్న సంగతి 1980ల తొలినాళ్లలో పక్షిశాస్త్రవేత్తల దృష్టికి వచ్చింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున అసద్ రహ్మానీ, రంజిత్ మనకదన్ ఏళ్ల తరబడి అక్కడ పనిచేశారు. 1988లో 614 హెక్టార్లను అభయారణ్యంగా ప్రకటించారు. మొదట్లో ఆ పక్షి అక్కడ పదుల సంఖ్యలో కనబడేది. కంచె లోపల గడ్డి పెరిగింది, జింకలు కొద్దిపాటి నుంచి వందలకు పెరిగాయి, బట్టమేక మాత్రం తరిగిపోయింది. ఇప్పుడు అది కనబడటమే గగనం. కారణాలు కంచె బయట ఉన్నాయి. ఆ పక్షి రోజంతా 614 హెక్టార్లలో కూర్చోదు, చుట్టూ ఉన్న జొన్న, కొర్ర చేలల్లో పురుగులేరుకుంటుంది. కాలువ నీళ్లొచ్చి, పంటలు మారి, మందుల పిచికారీ మొదలయ్యాక ఆ చేలు దానికి పనికిరాకుండా పోయాయి. లోపల మేసిన జింక మాత్రం బయటికొచ్చి పంట తిని మళ్లీ లోపలికి పోయింది. రైతుకు అభయారణ్యం అంటే జింకల దొడ్డి అయింది. మధ్యప్రదేశ్‌లో కరేరా కథ ఇంకా చేదు. 1981లో రైతుల సొంత పట్టాలను కూడా కలిపి అభయారణ్యం గీశారు, భూమి అమ్ముకునే వీలు పోయింది, జింకలు పెరిగి పంటలు పోయాయి. పదిహేనేళ్లు తిరక్కుండానే అక్కడ బట్టమేక అన్నదే లేకుండా పోయింది.

ఆదోని నుంచి సిరుగుప్ప రోడ్డు పట్టుకుని సరిహద్దు దాటితే కర్ణాటకలో మెట్టచేల నడుమ ఒకటీ అరా బట్టమేకలు ఈ శతాబ్దంలో కూడా కనబడ్డాయి. అక్కడ అభయారణ్యం లేదు. ఉన్నవి నల్లరేగడి, వర్షాధారపు శనగ, జొన్న, గొర్రెలు, పెద్దగా పట్టించుకోని మనుషులు. ఈ సంగతి కరేరా కథతో పోల్చి చూడదగింది.

దారులు లేవా అంటే కొన్ని కనబడుతున్నాయి. హిందూపురానికి దగ్గర్లోనే, కర్ణాటక మధుగిరి తాలూకా మైదనహళ్లిలో సర్కారు గడ్డిభూమి దాదాపు 800 ఎకరాలను 2007లో కృష్ణజింకల సంరక్షణ రిజర్వుగా ప్రకటించారు. వారాంతాల్లో బెంగళూరు నుంచి కెమెరాల వాళ్లు వస్తారు. 2002 సవరణతో చట్టంలో సామాజిక రిజర్వు అనే ఏర్పాటు కూడా వచ్చింది. ఊరివాళ్లు ముందుకొస్తే తమ సొంత నేలను, ఉమ్మడి నేలను యాజమాన్యం వదులుకోకుండానే వన్యప్రాణికి కేటాయించవచ్చు. కర్ణాటకలో కొక్కరె బెళ్లూరు అలాంటిదే. గూడబాతులు వాలే చింతచెట్టుకు కాయ రాబడి పోయినందుకు చెట్టుగలవాడికి అటవీశాఖ డబ్బిస్తుంది. ఇక 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్ షాజాపూర్ జిల్లా చేలల్లో ఇంకో పద్ధతి చూశారు. దక్షిణాఫ్రికా నిపుణులు హెలికాప్టరుతో మందలను గరాటా ఆకారపు గుడ్డకంచెలోకి తోలి, మత్తుమందు లేకుండానే లారీలకెక్కించి, ఎనిమిది వందలకు పైగా కృష్ణజింకలను అభయారణ్యాలకు తరలించారు. ఆఫ్రికాలో పుట్టిన ఈ బోమా పద్ధతి మన దేశంలో రైతుకు ఊరట కోసం దిగింది. ఖర్చంతా సర్కారుది, రాబడి సున్నా. తరలించిన చోట గడ్డి ఉండాలి, ఖాళీ అయిన చోట మళ్లీ నిండకుండా ఉండాలి. ఈ రెండూ హెలికాప్టరు వల్ల అయ్యే పనులు కావు.

ఇంతలో పడమటి కర్నూలు బీడుకు కొత్త ధర ఒకటి పలికింది. ఆస్పరి, ఆలూరు గుట్టల మీద గాలిమరలు లేచాయి. ఇంకా తూర్పున, ఓర్వకల్లు దాటి గని, శకునాల దగ్గర దాదాపు ఆరు వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల సౌరపార్కు 2017లో పూర్తయింది. మన్రో పుస్తకంలో అంకె లేని నేలను ఇప్పుడు మెగావాట్లలో కొలుస్తున్నారు. మర నిలబడ్డ చోటికి, దాని రోడ్డుకు, తీగ లాగిన గట్టుకు డబ్బు ముడుతుంది. ఎవరి పట్టాలో ఎంత జాగా అన్న లెక్క అంగుళంతో సహా తేలుతుంది. అదే పద్ధతిలో ఎకరా గడ్డిని గడ్డిగా ఉంచినందుకు ఏటా ఇంత అని అద్దె కట్టి, గొర్రెను మేయనిచ్చి, పట్టా రైతుదగ్గరే ఉంచితే ఏమవుతుందో ఈ సీమలో ఇంతవరకు ఎవరూ చేసి చూడలేదు. కోయంబత్తూరు వైపు కాంగేయం రైతులు కిళువై కంచెలు నాటి సొంత గడ్డిబీళ్లను తరతరాలుగా పశువుల కోసం కాపాడుకుంటున్నారు. దాన్ని వాళ్లు కొరంగాడు అంటారు. ఆ గడ్డికి పశువుల సంతలో ధర దొరుకుతుంది కాబట్టే అది నిలిచింది.

పశువుల సంత అంటే మన దగ్గర ఎమ్మిగనూరు. ఏటా జనవరిలో నీలకంఠేశ్వరస్వామి జాతరకు ఎద్దుల జతలు ఎక్కడెక్కడి నుంచో దిగుతాయి, ఆ ఎద్దులకు మేత ఎక్కడిదన్నది మరో పెద్ద కథ. 1938లో ఎమ్మిగనూరులో నేతగాళ్ల సహకార సంఘాన్ని నిలబెట్టిన మాచాని సోమప్ప ఊరు అదే. మగ్గం, ఎద్దు, పత్తి ఒకే సంతలో ఎలా కలిశాయో అక్కడి నుంచి మొదలుపెడదాం.

(తరువాయి భాగం: జాతరలో ఎద్దుల బేరం)